ముసర, గాలికుంటు: ఏలూరు సీమ పశువ్యాధుల చరిత్ర

మన దేశచరిత్రలలో పశువుల చరిత్రకు తగిన స్థానము లభింపలేదు. గోదానములను గూర్చి శాసనములు చెప్పును. గోగ్రహణములను గూర్చి కావ్యములు చెప్పును. ఆ గోవులు ఏ వ్యాధులకు గురియయ్యెనో, వానిని ప్రజలు ఎట్లు గుర్తించిరో విచారించినవారు అరుదు. కామవరపుకోట మొదలు కొల్లేటి తీరము వరకు గల సీమను దృష్టియందుంచుకొని, రెండు అంటువ్యాధులను గూర్చి ఇచ్చట పరిశీలింప దలచితిమి.

కామవరపుకోట మెట్టసీమ. గుంటుపల్లి బౌద్ధగుహలు ఈ ప్రాంతముననే కలవు. ఇచ్చటినుండి దిగువకు పోగా ఏలూరు, తాడేపల్లిగూడెముల కాలువక్రింది పల్లపు భూములును, అటుపిమ్మట కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ కొల్లేరును వచ్చును. మెట్టకు బీడు కలదు, పల్లమునకు గడ్డి కలదు. దుక్కిటెడ్లకును పాడిగేదెలకును ఈ రెంటి నడుమ సంతలమూలమున రాకపోకలు సహజములు. మంద నడచిన త్రోవనే వ్యాధియు నడచునని మఱువరాదు.

మొదటి వ్యాధి ముసర. జర్మనుభాషలో దీనికి రిండర్‌పెస్ట్ అని పేరు. పశువుల మహామారి యని దాని యర్థము. రెండవది గాలికుంటు. ఈ రెండవ పేరు విచారణీయము. ఇందు 'గాలి' యను పదమునకు దయ్యపుగాలి యనియు అర్థము చెప్పవచ్చును. కాని ఈ వ్యాధిబీజము పశువు ఊపిరితో వెలువడి గాలిలో కొంతదూరము పోగలదని నేటి శాస్త్రము నిరూపించినది. 'కుంటు' అనుట గిట్టల నడుమ పొక్కులు లేచి పశువు కుంటుటను చెప్పును. వ్యాధి వ్యాపించు తీరును, దాని లక్షణమును ఒకే పదమున ఇమిడినవని మా అభిప్రాయము.

ఈ రెంటిని వేఱుపఱచి గుర్తించుట ముఖ్యము. ముసరలో తీవ్రజ్వరము, కంటనీరు, ముక్కు కారుట మొదట కానవచ్చును. నోటిలో తవుడు చల్లినట్లు పొర ఏర్పడి పుండ్లగును. పిమ్మట దుర్గంధముతో పారుడు పట్టి పశువు శోషించి చచ్చును, కాని కుంటదు. గాలికుంటులో నాలుకపై బొబ్బలు, చొంగ, గిట్టల పుండ్లు, కుంటుట ప్రధానములు. పెద్దపశువులు చాలవఱకు బ్రదుకును. లేగదూడలు గుండె దెబ్బతిని హఠాత్తుగ చచ్చును. కోలుకొన్న పశువు సైతము ఎండలో రొప్పుచు, పాలు తగ్గి, దుక్కికి పనికిరాక పోవచ్చును. గాలికుంటు గుఱ్ఱములకు సోకదు. అమెరికా ఖండములలో ఇట్టి బొబ్బలనే పుట్టించు వెసిక్యులర్ స్టోమటైటిస్ అను వ్యాధి గుఱ్ఱములకును సోకును. కావున బొబ్బలు గల మందలో గుఱ్ఱము రోగపడెనా లేదా యని చూచుట అచ్చటి వైద్యునకు ఒక ఆనవాలు.

పూర్వము మశూచివలెనే పశువ్యాధియు గ్రామదేవత ఆగ్రహమని తలచి తెలుగునాట జాతరలు చేయుచుండిరి. 1916లో వెలువడిన వైట్‌హెడ్ గ్రంథము 'ది విలేజ్ గాడ్స్ ఆఫ్ సౌత్ ఇండియా' ఇట్టి ఆచారములను వర్ణించినది. ప్రభుత్వపక్షమున చెన్నరాష్ట్రములో పశువ్యాధుల చట్టము 1866లో ఏర్పడినది. భారతదేశపు పశుమహామారులను విచారించిన హాలెన్ ప్రభృతుల సంఘము 1871లో తన నివేదికను సమర్పించినది. 1889లో పూనాయందు స్థాపింపబడి తరువాత ముక్తేశ్వరమునకు మార్చబడిన ప్రయోగశాలలో ముసరపై పరిశోధనలు సాగినవి. అచ్చటనే ఎడ్వర్డ్స్ వ్యాధిబీజమును మేకలలో పెంచి దాని తీవ్రతను తగ్గించి, 1920-30ల నడుమ టీకాకు మార్గము చూపెను.

1920లో బ్రెజిలునకు పోవుచున్న ఆసియా మూపుర పశువులు ఆంట్‌వెర్ప్ రేవున దిగగా బెల్జియమున ముసర చెలరేగినది. ఆ భయమే 1924లో పారిసునందు అంతర్జాతీయ పశువ్యాధి సంస్థ స్థాపనకు హేతువయ్యెను. మన ఒంగోలుజాతి పశువులును నెల్లూరు పేరిట బ్రెజిలు చేరినవే. పశువుల వర్తకముతోబాటు వ్యాధియు సముద్రములు దాటునని ఈ సంఘటన లోకమునకు తెలిపినది.

స్వాతంత్ర్యానంతరము 1954లో ముసర నిర్మూలన కార్యక్రమము భారతదేశమున ఆరంభమయ్యెను. కెన్యాలో ప్లోరైట్ 1960 ప్రాంతమున రూపొందించిన కణవర్ధన టీకా ఈ కృషికి బలమిచ్చినది. మన దేశమున కడపటి ముసర 1995లో కానవచ్చెను. 2011లో భూమండలమంతట ఆ వ్యాధి నిర్మూలితమైనట్లు ప్రకటింపబడినది. మశూచి తరువాత మానవుడు రూపుమాపిన రెండవ వ్యాధి ఇదియే.

గాలికుంటు మాత్రము తొలగలేదు. కారణము స్పష్టము. ముసర టీకా ఒకమాఱు వేసిన బహుకాలము రక్షించును. ముసర బీజము ఒకే తెగ. గాలికుంటు బీజమున ఏడు తెగలు కలవు. ఒకదాని టీకా మఱియొకదానిని ఆపదు. మన దేశమున ఓ, ఏ, ఏషియా-1 అను మూడు తెగలు వ్యాప్తియందున్నవి. రక్షణయు అల్పకాలికము. కావుననే 2019లో ఆరంభమైన జాతీయ కార్యక్రమమున ఆఱు నెలలకొకమాఱు టీకా విధింపబడినది. నాలుగు నెలలు నిండిన దూడకు తొలి టీకాయు, నెల గడచిన పిమ్మట మఱియొకటియు వేయవలెను. ఒక్క ఇంటి పశువును విడిచినను ఊరి రక్షణకు లోటు కలుగును.

టీకాతోబాటు పాత జాగ్రత్తలును విడువరాదు. కొత్తగా కొన్న పశువును మూడు వారములు వేఱుగా కట్టవలెను. రోగము పొడసూపిన వెంటనే పశువైద్యునకు తెలిపి, సంతకు తోలుట మానవలెను. కుడితితొట్టి, పలుపు వేఱు చేయవలెను. చాకలిసోడా నాలుగుపాళ్లు కలిపిన నూఱుపాళ్ల నీటితో కొట్టమును కడిగిన వ్యాధిబీజము నశించును.

ముసరను కన్నుల జూచిన రైతులు తరిగిపోవుచున్నారు. వారితో ఆ పదమును మఱుగుపడుచున్నది. వ్యాధి పోవుట శుభము. కాని పేరు మఱచినచో గుర్తించు నేర్పును మఱచుదుము. గ్రామవృద్ధుల నోట మిగిలిన పశువ్యాధుల నామములను, లక్షణములను సేకరించుట భాషాశాస్త్రమునకేకాక వైద్యమునకును ఉపకరించును. గాలికుంటు అను పదమును సైతము నిఘంటువునందు మాత్రమే చూచు దినము వచ్చుగాక యని మా ఆకాంక్ష.