దొంగ ఫోటో అసలు ఫోటోను మింగుతది

2025 ఏప్రిల్ల నేనొక తప్పు చేసిన. కంచ గచ్చిబౌలిల చెట్లు కొడుతున్నరని అందరం మొత్తుకుంటున్న రోజులవి. నా ఫోన్‌కు ఒక ఫోటో వచ్చింది. ముందర జింక పిల్ల, పక్కన నెమలి, ఎనుక వరుసగ బుల్డోజర్లు. చూస్తే కడుపుల దేవినట్టయింది. ఎవలు తీసిండ్రు, ఎప్పుడు తీసిండ్రు అని అడగలే. ఊరి గ్రూపుల, సంఘం గ్రూపుల వేసిన. రెండు దినాలకు తెలిసింది, అది కెమెరా తీసిన ఫోటో కాదు, ఏఐ గీసిన బొమ్మ అని.

తెల్లారి ఛాయ్ హోటల్ కాడ ఒక పిలగాడు అడిగిండు: "అన్నా, నువ్వు పెట్టింది దొంగ ఫోటో అట గదా. మరి చెట్లు కొట్టుడు గూడ దొంగ ముచ్చటేనా?"

నా దగ్గర జవాబు లేక కాదు. గని నా జవాబు నమ్మడానికి ఆ పిలగానికి నేనే కారణం లేకుంట చేసిన. ఏఐ గురించి నేను చెప్పదలుచుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్నలనే ఉన్నది.

నిజమేంది, బొమ్మేంది

చెట్లు కొట్టింది నిజం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న 400 ఎకరాల భూమిల 2025 మార్చి 30న, ఉగాది పండుగ నాడు, బుల్డోజర్లు దిగినయి. అడ్డం పోయిన విద్యార్థులను పోలీసులు పట్టుకపోయిండ్రు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుని పనులు ఆపమన్నది. సుమారు 100 ఎకరాలల్ల చెట్లు పోయినయని కోర్టు ముందర తేలింది. విద్యార్థులు తీసిన అసలు ఫోటోలు, అసలు వీడియోలు మస్తుగున్నయి. మనకు దొంగ బొమ్మ అవసరమే లేకుండె.

గని ఏఐ బొమ్మలు తిరిగినంక ముచ్చట మొత్తం మలిగింది. చెట్లెందుకు కొట్టిండ్రు అనే ప్రశ్న ఎనుకకు పోయింది, బొమ్మలెవలు చేసిండ్రు అనేది ముందుకొచ్చింది. ప్రభుత్వం ఏఐ మీద మీటింగులు పెట్టింది. బొమ్మ పంచుకున్నందుకు ఒక సీనియర్ ఐఏఎస్ అధికారికి గూడ పోలీసులు నోటీస్ ఇచ్చిండ్రు. దబాయించేటోనికి ఆయుధం మనమే చేతికిచ్చినం.

పుకారు పాతదే, పనిముట్టు కొత్తది

పుకార్లు ఏఐతోని పుట్టలే. 2018ల పిల్లలను ఎత్కపోయేటోళ్లు తిరుగుతున్నరని వాట్సాప్‌ల వచ్చిన మెసేజ్‌లకు మన తెలంగాణల గూడ అమాయకుల పానాలు పోయినయి. అప్పుడు జోగులాంబ గద్వాల ఎస్పీగ ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను ఊర్లల్లకు తోలి, జనం ముంగట పాటలు పాడిచ్చి, పుకార్లు నమ్మొద్దని చెప్పిచ్చింది. ఆ ఏడాదే వాట్సాప్ మన దేశంల ఒక మెసేజ్‌ను ఒక్కసారి ఐదుగురికే పంపేటట్టు హద్దు పెట్టింది.

అప్పుడు అబద్ధానికి పాత ఫోటో ఎతుక్కోవాల్సి వచ్చేది. ఇప్పుడు నాలుగు మాటలు టైప్ చేస్తే నిమిషంల కొత్త ఫోటో, మనిషి గొంతు, స్టూడియోల కూసున్న యాంకర్ తయారు. దాని ఎనుక ఆశ గూడ ఉన్నది. 2023 నవంబర్ల రష్మిక మందన్న ముఖం అతికించిన వీడియో దేశమంతా తిరిగింది. కేసుల దొరికిన పిలగాడు గుంటూరు జిల్లాటోడు. తన ఫ్యాన్ పేజీకి ఫాలోవర్లు పెంచుకునేటందుకు చేసిండని పోలీసులు చెప్పిండ్రు.

ఏఐ వార్త రాసుడంటే ఏందో గూడ తెలుసుకోవాలె. కోట్ల పేజీలు చదివిచ్చిన యంత్రం అది. ఒక మాట ఎనుక ఏ మాట వస్తే పొసుగుతదో లెక్కగట్టి పేరుస్తది. పొసుగుడు వేరు, నిజం వేరు. మా వాగు పొంగిందా అని అడిగితే అది వాగు గట్టుకు పోయి చూడదు. ఎవలన్న పోయి చూసి రాస్తేనే దానికి తెలుస్తది. ఎర్రటెండల బండేసుకుని పోయే మండలం విలేకరి పని బందైతే, ఏఐ చెప్పేటందుకు గూడ ఏం మిగలదు.

కొత్త సాకు

మా దిక్కు జరిగింది చెప్త. రాత్రిపూట వాగుల ఇసుక ట్రాక్టర్లు నడుస్తుంటే ఇద్దరు పోరగాళ్లు వీడియో తీసిండ్రు. పట్టుకుని పోయి చూపిస్తే అక్కడున్న సారు నవ్విండు. "గిది ఏఐ వీడియో కాదని గ్యారంటీ ఏంది?" అన్నడు. పోరగాళ్లు వాట్సాప్‌ల పంపి, ఫోన్ నిండిందని అసలుది తీసేసిండ్రు. వాట్సాప్‌ల పోయిన వీడియోకు ఏ జాగల, ఏ యాళ్లకు తీసిండ్రనే గుర్తులు మిగలయి. నిజం చేతులుండి గూడ ఓడిపోయిండ్రు.

అందుకే తమ్మీ, చెల్లే, నా మాట జర ఇనుండ్రి.

మీ ఊర్ల ఏమన్న జరిగితే వీడియో తీసి అసలు ఫైల్ పదిలంగ దాసుకోండ్రి. పంపేటప్పుడు డాక్యుమెంట్ లెక్క పంపుండ్రి. ఒక్కరు కాదు, ఇద్దరు ముగ్గురు వేరే వేరే దిక్కుల నుంచి తీయుండ్రి. బోర్డో, కరెంటు స్తంభమో, గుడి గోపురమో పడేటట్టు చూసుకోండ్రి. చూసినోళ్లతోని మాట్లాడి, తారీకు రాసుకోండ్రి.

వచ్చిన ఫోటో మీద అనుమానముంటే గూగుల్ లెన్స్‌ల పెట్టి ఇంతకుముందు యాడన్న వచ్చిందా చూడుండ్రి. గూగుల్ ఏఐ చేసిన బొమ్మలకు సింథ్‌ఐడీ అనే కంటికి కనబడని గుర్తు ఉంటది, జెమినై యాప్‌ను అడిగితే చెప్తది. గుర్తు దొరకలేదంటే నిజమని కాదు, వేరే కంపెనీ యంత్రం చేసి ఉండొచ్చు. హైదరాబాద్‌ల ఫ్యాక్ట్‌లీ లాంటోళ్లు తెలుగుల గూడ నిజనిర్ధారణ చేస్తున్నరు.

ఏది నిజమో సర్కారే చెప్పాలె అంటే మాత్రం నేను ఒప్పుకోను. తన మీద వచ్చిన వార్తల్ల ఏది అబద్ధమో తేల్చే అధికారం కేంద్రం తనకే రాసుకుంటే, 2024 సెప్టెంబర్ల బొంబాయి హైకోర్టు ఆ రూల్‌ను కొట్టేసింది. దొంగనే పంచాయితీ చెప్పమంటే ఎట్ల?

ఆఖరి మాట, నాకు నేను గూడ చెప్పుకునే మాట. అబద్ధం మన దిక్కున్నా అబద్ధమే. మన కొట్లాట ఎంత న్యాయమైందైనా ఏఐ బొమ్మతోని బలం పెంచాలని చూడొద్దు. పెద్దోళ్ల ఒక అబద్ధం బయటపడితే ఇంకో పేపర్, ఇంకో ఛానల్ ఉంటయి వాళ్లకు. మనకున్నది మాట ఒక్కటే.

ఫోటో పెట్టిన గ్రూపులల్లనే "అది ఏఐ బొమ్మ, నేను చూసుకోకుంట పెట్టిన, తప్పయింది" అని రాసిన. ఫోటోకు వచ్చినన్ని దండాలు, లైకులు దానికి రాలే. అయినా రాసుడే సరైంది. ఛాయ్ హోటల్ కాడి పిలగానికి కోర్టు ఆర్డర్ చూపిచ్చిన. చదివి, "ఇదే ముందుగాల పెట్టకపోయినవన్నా" అన్నడు.