సప్తర్షుల దిక్కున రేడియో సాక్ష్యము

ఉత్తరాకాశమున సప్తర్షి మండలమును మనమందరము ఎరుగుదుము. ఆ దిక్కుననే, మన పాలపుంతకు ఎంతో ఆవల, ఎం 101, ఎం 81, ఎం 82 అను మూడు గెలాక్సీలు కలవు. మొదటిది 2 కోట్ల కాంతి సంవత్సరములకు పైబడిన దూరమునను, తక్కినవి రెండును సుమారు 1 కోటి 20 లక్షల కాంతి సంవత్సరముల దూరమునను ఉన్నవి. పేలిపోయిన నక్షత్రములను, అనగా సూపర్‌నోవాలను, రేడియో తరంగములతో పరిశీలించిన చరిత్రలోని ముఖ్య ఘట్టములు కొన్ని వీనియందే జరిగినవి.

1970లో ఎం 101లో ఒక సూపర్‌నోవా కనబడెను. దాని నుండి వెలువడు రేడియో తరంగములను శాస్త్రజ్ఞులు కొలది కాలములోనే గుర్తించిరి. పేలిన కొత్తలోనే రేడియోకు చిక్కిన సూపర్‌నోవాలలో ఇదియే మొదటిది.

ఈ తరంగములు ఎట్లు పుట్టును? పెద్ద నక్షత్రము తన తుది దశలో వాయువును మెల్లగా వెలికి విడుచుచుండును. ఆ వాయువు వేగము సెకనుకు సుమారు 10 కిలోమీటర్లు. తరువాత వచ్చు పేలుడు తాకిడి సెకనుకు సుమారు 10 వేల కిలోమీటర్ల వేగముతో పోయి ఆ వాయువును ఢీకొనును. అచ్చట ఎలక్ట్రానులు మహావేగమును పొంది, అయస్కాంత క్షేత్రములో మెలికలు తిరుగుచు రేడియో తరంగములను వెలువరించును. రెండు వేగముల నిష్పత్తి వేయి. కనుక మనము ఒక్క సంవత్సరము పరిశీలించినచో, నక్షత్రము అంతకు పూర్వము సుమారు వేయి సంవత్సరములలో విడిచిన వాయువు వృత్తాంతము తెలియును.

1993 మార్చిలో ఎం 81లో మరియొక సూపర్‌నోవా కనబడెను. దూరదూర దేశములలోని రేడియో దూరదర్శినులను జతపరచి, విస్ఫోట ద్రవ్యము దాదాపు గోళాకారముగా వ్యాపించుటను ఏండ్ల తరబడి చిత్రించిరి. పుణె సమీపమునగల మన బృహత్ మీటరు తరంగ రేడియో దూరదర్శినియు దానిని పరిశీలించినది.

ఎం 82లో 2008లో జరిగిన పేలుడు దృశ్యకాంతికి అందలేదు. దట్టమైన ధూళి దానిని కప్పివేసినది. 2009లో రేడియో పరిశీలనయే దానిని బయటపెట్టినది. అదే గెలాక్సీలో 2014 జనవరి 21న, లండనులో ఒక అధ్యాపకుడు విద్యార్థులకు దూరదర్శిని వాడుక నేర్పుచుండగా, మరియొక సూపర్‌నోవా కంటబడినది. ఇది శ్వేతకుబ్జ తార పేలుడు. ఇట్టి తారకు అదనపు ద్రవ్యము తోడి నక్షత్రము నుండి చేరును. ఆ తోడు అరుణ బృహత్తారయైనచో చుట్టును వాయువు ఉండవలెను. రేడియో తరంగములు రావలెను. ఎంత సూక్ష్మముగా వెదకినను అవి దొరకలేదు. అందుచేత ఆ తోడు అరుణ బృహత్తార కాదనియు, మరియొక శ్వేతకుబ్జమే కావచ్చుననియు పరిశీలకులు తలచిరి.

మన ప్రయోగశాలలో సూచిక కదలనప్పుడు విద్యార్థి ఆ అంకెను వ్రాయక విడిచిపెట్టుట కలదు. అట్లు చేయరాదు. పరికరము చాలినంత సున్నితమైనదైనచో, సున్న కూడ ఒక ఫలితమే.