హాస్కెల్ భాషలో యూనిట్ టెస్టింగు

హాస్కెల్ ప్రోగ్రామింగు భాషలో వ్రాసిన ప్రోగ్రాములోని చిన్న భాగాలను, ముఖ్యంగా ఒక్కొక్క ఫంక్షనును, విడివిడిగా నడిపి సరిచూసే పద్ధతిని హాస్కెల్ యూనిట్ టెస్టింగు అంటారు. ఇందులో ప్రధానంగా రెండు మార్గాలు కలవు. మొదటిది ముందుగా ఎంచుకున్న ఉదాహరణలతో పరీక్షించడం. దీనికి హెచ్‌యూనిట్ అనే లైబ్రరీని వాడతారు. రెండవది ఫంక్షను పాటించవలసిన ధర్మాన్ని తెలిపి, ఉదాహరణలను కంప్యూటరు చేతనే పుట్టించడం. దీనికి క్విక్‌చెక్ అనే లైబ్రరీని వాడతారు. పరీక్షలన్నీ నెగ్గినంత మాత్రాన ప్రోగ్రాము సరియైనదని చెప్పలేము. పరీక్ష ఏ ప్రశ్న అడిగినదో దానిని బట్టే దాని విలువ ఉంటుంది.

నేపథ్యం

హాస్కెల్ మొదటి నిర్వచనం 1990లో వెలువడింది. తర్క శాస్త్రవేత్త హాస్కెల్ కర్రీ పేరు మీదుగా ఈ భాషకు ఆ పేరు వచ్చింది. ఇది శుద్ధ ఫంక్షనల్ భాష, అనగా ఒక ఫంక్షనుకు అవే విలువలు ఇస్తే ఎల్లప్పుడూ అదే ఫలితం వస్తుంది. అందువలన చాలా ఫంక్షన్లను పరీక్షించడానికి ముందస్తు ఏర్పాట్లేవీ అవసరం ఉండవు. ఫైళ్ళు, నెట్‌వర్కు వంటి వాటితో పనిచేసే భాగాలు టైపు ద్వారానే వేరుగా కనిపిస్తాయి.

సంఖ్య ఉండవలసిన చోట అక్షరాలు ఇవ్వడం వంటి తప్పులను కంపైలరే పట్టుకుంటుంది. కానీ లిస్టును క్రమంలో పేర్చవలసిన ఫంక్షను ఏమీ చేయక అదే లిస్టును తిరిగి ఇచ్చినా దాని టైపు సరిగానే ఉంటుంది. ఇటువంటి దోషాలను కనుగొనడానికి పరీక్షలు అవసరం.

హెచ్‌యూనిట్

జావా భాషకు చెందిన జేయూనిట్ స్ఫూర్తితో హెచ్‌యూనిట్ రూపొందింది. ఇందులో ప్రతి పరీక్షకు ఒక సందేశం, రావలసిన ఫలితం, వచ్చిన ఫలితం ఇస్తారు. పరీక్షలకు పేర్లు పెట్టి, వాటిని జాబితాగా కూర్చవచ్చు.

ఉదాహరణకు లీపు సంవత్సరాన్ని గుర్తించే ఫంక్షనును తీసుకుందాం. 2024 లీపు సంవత్సరం, 2023 కాదు అని రెండు పరీక్షలు వ్రాస్తే, 4తో భాగించి చూసే తప్పు ఫంక్షను కూడా వాటిలో నెగ్గుతుంది. 1900 లీపు సంవత్సరం కాదు, 2000 అవును అనే పరీక్షలను చేర్చినప్పుడే 1900 దగ్గర దోషం బయటపడుతుంది.

పరీక్షలను నడిపిన తరువాత మొత్తం ఎన్ని, ఎన్ని ప్రయత్నించబడ్డాయి, ఎన్ని లోపాలు, ఎన్ని వైఫల్యాలు అనే లెక్క తెరపై వస్తుంది. వైఫల్యం అనగా ఫలితం సరిపోలకపోవడం. లోపం అనగా ఫలితం రాకముందే ప్రోగ్రాము ఆగిపోవడం.

క్విక్‌చెక్

స్వీడన్‌లోని చామర్స్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన కోయెన్ క్లాసెన్, జాన్ హ్యూస్ క్విక్‌చెక్‌ను రూపొందించి, 2000లో దానిపై పరిశోధనా పత్రం ప్రచురించారు. ఇది ప్రతి ధర్మాన్ని సాధారణంగా 100 యాదృచ్ఛిక విలువలతో పరీక్షిస్తుంది.

"రెండు లిస్టులను కలిపి తిరగవేసినా, విడివిడిగా తిరగవేసి అదే వరుసలో కలిపినా ఫలితం ఒకటే" అనే ధర్మం తప్పు. 0 మాత్రమే గల లిస్టును, 1 మాత్రమే గల లిస్టును తీసుకుంటే మొదటి విధంగా 1, 0 వస్తాయి. రెండవ విధంగా 0, 1 వస్తాయి. క్విక్‌చెక్ ఇటువంటి ప్రత్యుదాహరణను వెదకి, దానిని వీలైనంత చిన్నదిగా కుదించి చూపుతుంది. ఈ కుదింపు సౌకర్యం తరువాతి వెర్షన్లలో చేర్చబడింది.

దొరికిన ప్రత్యుదాహరణను హెచ్‌యూనిట్‌లో స్థిరమైన పరీక్షగా చేర్చడం మంచి అలవాటు. యాదృచ్ఛిక విలువలు ప్రతిసారీ మారుతాయి కనుక మరుసటి సారి అదే విలువ రాకపోవచ్చు.

పరీక్షలను నడిపే విధానం

అభ్యాస దశలో జీహెచ్‌సీఐ అనే సంభాషణాత్మక పరిసరంలో ఫైలును తెరిచి పరీక్షలను నేరుగా నడపవచ్చు. పెద్ద ప్రాజెక్టులలో కబాల్ లేదా స్టాక్ అనే సాధనాల ద్వారా ఒక్క ఆదేశంతో అన్నింటినీ నడుపుతారు. హెచ్‌స్పెక్, టేస్టీ అనే లైబ్రరీలు రెండు రకాల పరీక్షలను ఒకే చోట చేరుస్తాయి.

జాగ్రత్తలు

* కబాల్‌లో సాధారణంగా వాడే పద్ధతిలో ప్రోగ్రాము ముగిసినప్పుడు ఇచ్చే సంకేత సంఖ్యను బట్టి ఫలితం నిర్ణయమవుతుంది. హెచ్‌యూనిట్ లెక్కను చూపి ఊరకే ముగిస్తే, పరీక్షలు విఫలమైనా అంతా సవ్యమనే నివేదిక వస్తుంది.
* జీహెచ్‌సీఐలో ధర్మానికి టైపు తెలుపకపోతే, ఒకే ఒక విలువ గల టైపును అది ఎంచుకోవచ్చు. అప్పుడు లిస్టులోని అంశాలన్నీ ఒకటే కనుక పైన చెప్పిన తప్పు ధర్మం కూడా 100 పరీక్షలలోనూ నెగ్గుతుంది.
* హాస్కెల్ అవసరమైనంత వరకే లెక్క కడుతుంది. లిస్టు పొడవును మాత్రమే పరీక్షిస్తే లోపలి అంశాలలోని దోషం బయటపడదు.
* "రెండుసార్లు తిరగవేస్తే మొదటి లిస్టే వస్తుంది" అనే ధర్మం నిజమే కానీ, ఏమీ చేయని ఫంక్షను కూడా దానిని పాటిస్తుంది. ఒక్క ధర్మంతో సరిపెట్టుకోరాదు.

ప్రభావం

క్విక్‌చెక్ భావన ఇతర భాషలకు కూడా వ్యాపించింది. స్కాలా భాషలో స్కాలాచెక్, పైథాన్‌లో హైపాథిసిస్ ఇందుకు ఉదాహరణలు. ఎర్లాంగ్ భాషకు దీనిని అందించేందుకు 2006లో క్వివిక్ అనే సంస్థ ఏర్పడింది.

ఇవి కూడా చూడండి

* ఫంక్షనల్ ప్రోగ్రామింగు
* హాస్కెల్ (ప్రోగ్రామింగు భాష)
* సాఫ్ట్‌వేర్ టెస్టింగు