పద్యం కార్డుకెక్కిన కాలం

రాత్రంతా ఆడిన నాటకాన్ని జేబులో వేసుకుని పొలానికి పోవచ్చని మా మంగళవాడ వాళ్ళకు తెలిసింది మెమరీ కార్డు వచ్చాకే. కర్ణాటకలోని మా పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రే. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. కురుక్షేత్రం ఏ భాషలో ఆడినా పోయి చూసేవాళ్ళం కానీ, తిరుపతి వేంకట కవుల రాయబారం పద్యాలంటే మాత్రం పెద్దవాళ్ళు చాప మీంచి లేచి కూర్చునేవాళ్ళు.

ఆ పద్యాన్ని పట్టి ఉంచిన ప్రతి సాధనమూ దానికి తన కొలత పెట్టింది. 78 వేగపు గ్రామఫోను ప్లేటులో ఒక పక్కకు మూడు నిమిషాలు, కాస్త అటూ ఇటూ. ఈలపాట రఘురామయ్య అంతటివాడు గొంతెత్తినా రాగం అంతలో ముగియాల్సిందే. 60 నిమిషాల క్యాసెట్టు పక్కకు అరగంట ఇచ్చింది. తర్వాత వీడియో సీడీ. పెళ్ళిళ్ళకు కెమెరా పట్టేవాళ్ళే నాటకాలూ తీశారు. ఒక డిస్కుకు గంటకు పైచిలుకు, కాబట్టి ఒక్క నాటకానికే సీడీల దొంతర.

నేను సెల్ అంగడి పెట్టిన కాలానికి జనం అడిగేది ఒక్కటే: "అన్నా, బొమ్మ వద్దు, పద్యాలు ఎక్కియ్యి." గొర్రెలు తోలుకుపోయేవాళ్ళకు, శెనక్కాయలు పీకేవాళ్ళకు బొమ్మ చూసే తీరికేది? బొమ్మ ఆడితే బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతుంది.

సీడీ తెరిస్తే ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డరు, అందులో డాట్ ఫైళ్ళు. బొమ్మకు సెకనుకు 1150 కిలోబిట్లు, శబ్దానికి 224. ఆ శబ్దాన్ని ఎంపీ3 చేస్తే, 128 కిలోబిట్ల లెక్కన గంటకు 58 ఎంబీ దాకా పడుతుంది. చిన్న కార్డుకు అది బరువు. కొన్ని ఫోన్లకు ఎంపీ3 పాడటమే వచ్చేది కాదు. ఏఎంఆర్ మాత్రం పాడేవి, మాట రికార్డు చేసుకునే ఫార్మాటు అదే కాబట్టి. గంటకు అయిదున్నర ఎంబీ, అంతే. ఎనిమిది గంటల నాటకం 44 ఎంబీలో ఇమిడిపోయేది.

ఏఎంఆర్‌ను 1999లో సెల్‌ఫోను ప్రమాణంగా తీసుకున్నది మాట కోసం, పాట కోసం కాదు. సెకనుకు 8000 నమూనాలే తీసుకుంటుంది కాబట్టి 4000 హెర్ట్జ్ పైన ఉన్న నాదం దానికి అందదు. పైగా అది ఒక మనిషి గొంతు ఎలా పలుకుతుందో అంచనా కట్టి, ఆ అంచనానే 20 మిల్లీసెకన్ల ముక్కలుగా రాసుకుంటుంది. గొంతు, హార్మోనియం, తబలా ఒకేసారి వస్తే ఆ అంచనా చెదిరిపోతుంది. పద్యంలో మాట తెలిసేది, హార్మోనియం మాత్రం జీరపోయి తుమ్మెద మోతలా వినిపించేది. తాళం బుస్సుమనేది.

పొలంలో వినేవాళ్ళకు అది చాలు. నాటకం నేర్చుకునే కుర్రాళ్ళకు చాలదు. పద్యం చివర రాగం తీసి గొంతు ఎక్కడ ఆగుతుందో, అక్కడ హార్మోనియం ఏ మెట్టు పట్టుకుని ఉందో వినపడాలి. నేర్పే మాస్టర్లు "శృతి లేని పద్యం నేర్చుకుని వస్తే నేనేం చేసేది?" అని నిలదీసేవాళ్ళు. వాళ్ళడిగింది న్యాయం. అందుకే పాత్రలు కట్టేవాళ్ళకు నేను ఒంటి చానెల్ ఎంపీ3 చేసిచ్చేవాణ్ణి, 64 కిలోబిట్లతో. ఊరి నాటకం రికార్డయ్యేది ఒక్క మైకు లైన్లోంచే, దానికి రెండు చానెళ్ళు దండగ. గంటకు 29 ఎంబీ. హార్మోనియం బతికేది. ఈ పనిలో నాకు నిజంగా తృప్తినిచ్చినవి ఆ కార్డులే.

2016 సెప్టెంబరులో జియో వచ్చింది. పాటలు ఎక్కించే పని ఏడాది రెండేళ్ళలో పడిపోయింది. సినిమా పాటలకు దానివల్ల నష్టమేమీ లేదు, అన్నీ నెట్‌లో దొరుకుతాయి. మన ఊళ్ళో మన మనుషులు పాడిన పద్యాలు మాత్రం దొరకవు. అవి ఇంకా బీరువాల్లో, గీతలు పడుతున్న సీడీల్లోనే ఉన్నాయి. వాటిని తెచ్చే వాళ్ళకు నేనిప్పుడు ఏఎంఆరూ చేయను, ఎంపీ3నీ చేయను. బొమ్మను విడదీసి, ఆ 224 కిలోబిట్ల శబ్దాన్ని ఉన్నదున్నట్టు తీసి ఇస్తాను. గంటకు నూరు ఎంబీ. ఇప్పటి ఫోనుకు అదేం బరువు కాదు.