కనుమ ఎక్కిన గేరు

పొద్దున్నే బయలుదేరి, ఒకటో రెండో కొండ కనుమలు దాటి, చీకటిపడేలోగా ఇల్లు చేరే సైకిల్ సవారీ ఫ్రాన్స్‌లో ఎప్పుడు మొదలైందంటే చాలామంది 1910 అంటారు. ఆ ఏడాది టూర్ డి ఫ్రాన్స్ తొలిసారి పిరనీస్ పర్వతాల పెద్ద కనుమలెక్కింది. లుషోన్ నుంచి బయోన్ దాకా ఒకే రోజు 326 కిలోమీటర్లు. దారిలో 2,115 మీటర్ల ఎత్తున తూర్మలే. పందెగాడు ఆక్తావ్ లపీజ్ కొంత తొక్కి, కొంత నడిచి, నిర్వాహకులను హంతకులని తిట్టిపోశాడు. కాలు నేల మోపకుండా తూర్మలే ఎక్కినవాడు గుస్తావ్ గారిగూ ఒక్కడే; అందుకు 100 ఫ్రాంకుల బహుమతి పొందాడు. గొప్ప ఘట్టమే. కానీ సరిగ్గా ఎనిమిదేళ్ల ముందు, 1902లో, ఫ్రాన్స్ టూరింగ్ క్లబ్ యాత్రా సైకిళ్లను అదే తూర్మలే మీద పరీక్షకు పెట్టినప్పుడు, మార్త్ ఎస్ అనే మహిళ గేర్ల సైకిల్‌పై ఎక్కడా దిగకుండా పైకి చేరింది. కనుమలను సామాన్యుడికి అందించింది పందెగాళ్లు కాదని, సెలవురోజు తొక్కే యాత్రికులేనని నేననడానికి ఈ ఒక్క సంగతి చాలు.

ఆ యాత్రికుల పెద్దదిక్కు పాల్ ద వివీ. వెలోసియో అన్న కలంపేరుతోనే లోకానికి తెలుసు. సెంట్ ఎటియెన్‌లో పట్టు రిబ్బన్ల వ్యాపారం మాని, 1887లో సైకిళ్ల కొట్టు తెరిచి, పత్రిక పెట్టాడు. ఊరి పక్కనే 1,161 మీటర్ల రిపబ్లిక్ కనుమ. అదే ఆయన ప్రయోగశాల. ముందు రెండు పళ్లచక్రాలు పెట్టి చైనును చేత్తో మార్చడం, పెడల్ వెనక్కి తొక్కితే తేలిక గేరు పడే ఏర్పాటు వంటివన్నీ ఆ ఎత్తుమీదే తొక్కి చూశాడు. శాకాహారి, ఆకలి కాకముందే తినాలని, దాహం వేయకముందే తాగాలని చెప్పేవాడు. ఈస్టర్‌కు ప్రొవాన్స్ దాకా తొక్కుకుంటూ వెళ్లడం ఆయన బృందానికి ఆనవాయితీ. చలిలో, రాత్రిళ్లు, అలసిన ఒళ్లుతో ఎంత గేరు కావాలో పుస్తకాల్లో దొరకదు; ఆయన దాన్ని రోడ్డుమీద నేర్చి, పత్రికలో అందరికీ పంచాడు.

మార్త్ ఎస్‌తో పందెగాళ్ల పోలిక న్యాయంగా లేదనవచ్చు: 1910లో వాళ్లు ఆ రోజు ఇంకా మూడు పెద్ద కనుమలు దాటారు, అదీ పోటీ వేగంతో. నిజమే, వాళ్ల బలాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఎత్తు రాగానే దిగి, వెనుక చక్రం ఊడదీసి, రెండో పక్కకు తిప్పి బిగించుకోవడమే వాళ్లకున్న దారి. టూర్ స్థాపకుడు ఆంరీ దెగ్రాంజ్ మారే గేర్లు 45 ఏళ్లు దాటినవాళ్లకేనని 1902లోనే రాశాడు. కండబలంతో గెలవడమే గెలుపని ఆయన నమ్మకం. ఒక పందేనికి ఆ నియమం చెల్లుతుంది. సాయంత్రం ఇంటికి రావలసిన మనిషికి చెల్లదు. ఇక ఘనత రోడ్లదే అనేవారున్నారు. కానీ ఆస్ట్రియా సామ్రాజ్యం వేయించిన 2,757 మీటర్ల స్టెల్వియో రోడ్డు 1825కే సిద్ధమైంది. రోడ్డు ఉన్నా, ఒకే గేరు సైకిల్‌ను చాలామంది నడిపించుకునే పైకి తీసుకెళ్లాలి.

వెలోసియో 1930లో సెంట్ ఎటియెన్‌లో ట్రాము ఢీకొని చనిపోయాడు. చైనును ఒక పళ్లచక్రం నుంచి మరోదానికి జరిపే డిరైలర్ గేరుకు టూర్ డి ఫ్రాన్స్ అనుమతి ఇచ్చింది 1937లో.