సైకిలు ప్రయాణపు దుస్తులు

సైకిలు ప్రయాణపు దుస్తులు అనగా ఉద్యోగానికి, బడికి, బజారుకు సైకిలుపై వెళ్ళేవారు ధరించే దుస్తులు. ఇవి రెండు విధాలు: నిత్యం కట్టుకొనే బట్టలు, సైకిలు పందేల కోసం రూపొందిన క్రీడాదుస్తులు. ఏవి అనువైనవన్నది సైకిలు నిర్మాణాన్ని, కూర్చొనే భంగిమను, వెళ్ళవలసిన దూరాన్ని బట్టి ఉంటుంది. క్రీడాదుస్తులు లేనిదే సైకిలెక్కరాదన్న అపోహ కొందరిలో ఉన్నది. దానివలన దగ్గరి దూరాలకు సైకిలు వాడదలచినవారు కూడా వెనుకాడుతారు.

క్రీడాదుస్తులు

పందెపు సైకిలుపై నడుము బాగా వంచి కూర్చుంటారు. దాని సీటు సన్నగా, గట్టిగా ఉంటుంది. గంటల తరబడి తొక్కితే బట్టల కుట్లు ఒరుసుకొని తొడల మధ్య చర్మం చెడుతుంది. అందుచేత బిగుతైన నిక్కరు లోపల మెత్త కుడతారు. దాని కింద లోదుస్తులు వేసుకోరు. పూర్వం నిక్కరు ఉన్నితో, మెత్త తోలుతో చేసేవారు. 1958లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో జోసెఫ్ షివర్స్ రూపొందించిన సాగే కృత్రిమ పోగు (లైక్రా) 1970లలో ఉన్ని స్థానంలోకి రాసాగింది. చొక్కా జేబులు వీపువైపు ఉంటాయి. వంగినపుడు ముందు జేబులోని వస్తువులు జారిపోతాయి కదా!

బిగుతు బట్టలకు గాలి నిరోధం తక్కువ. అయితే ఈ నిరోధం వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. గంటకు 30 కి.మీ. వేగంలో ఉండే నిరోధంలో నాలుగో వంతే 15 కి.మీ. వేగంలో ఉంటుంది. కనుక ఆఫీసుకు నెమ్మదిగా వెళ్ళేవారికి ఈ లాభం స్వల్పమే.

నిత్యవస్త్రాలు

నెదర్లాండ్స్‌లో నాలుగో వంతుకు పైగా ప్రయాణాలు సైకిలుపైనే జరుగుతాయి. అక్కడి జనం మామూలు దుస్తులతోనే తొక్కుతారు. నిటారుగా కూర్చొనే వీలు, చైనును పూర్తిగా కప్పే కవరు, మడ్‌గార్డులు, వెనుక చక్రానికి పక్క తొడుగు ఉండడం దీనికి కారణం. మన పాత నల్ల సైకిళ్ళకు కూడా ఈ లక్షణాలు చాలావరకు ఉన్నవి. స్ప్రింగుల సీటు ఉండగా నిక్కరులో మెత్త అవసరం రాదు. పంచె ఎగగట్టిన పాలవాడు, ఖాకీ పంట్లాములోని తపాలా బంట్రోతు ఊళ్ళు తిరిగినది వీటిమీదే. చైను కుడివైపు ఉంటుంది. కవరు లేకపోతే ఆ వైపు పంట్లామును మడవాలి, లేదా క్లిప్పు పెట్టాలి.

నూలుబట్ట చెమట పీల్చి చాలాసేపు తడిగా ఉంటుంది. పాలిస్టర్ త్వరగా ఆరుతుంది కాని వాసన పట్టుకుంటుంది. మన ఎండలకు పలుచని వదులు నూలుబట్టలు, నిదానపు వేగం మేలు.

స్త్రీల దుస్తులు

19వ శతాబ్దపు చివర ఇంగ్లండులో పొడవైన గౌన్లు సైకిలుకు అడ్డమైనవి. 1881లో లండనులో హేతుబద్ధ వస్త్రధారణ సంఘం ఏర్పడింది. దాని నాయకురాలు లేడీ హార్బర్టన్ 1898లో వదులు నిక్కరుతో సర్రే ప్రాంతంలోని ఒక హోటలుకు వెళ్ళగా, కాఫీ గదిలోకి రానీయక సారాయి గదిలో కూర్చోమన్నారు. సైకిలు యాత్రికుల సంఘం వేసిన దావా 1899లో వీగిపోయింది.

మరోవైపు సైకిలునే మార్చారు. పై కడ్డీని కిందికి వంచి, చైనును కప్పి, చక్రానికి వల కట్టారు. మన లేడీస్ సైకిలు ఈ కోవలోనిదే. లంగా ఓణీతో బడికి వెళ్ళగలగడం దీనివల్లనే సాధ్యమైనది. ఓణీ, చున్నీ, చీరకొంగులను మాత్రం నడుముకు బిగించి దోపుకోవాలి. చక్రంలో చిక్కితే మెడకు ఉరి పడే ప్రమాదం ఉన్నది.