కొట్టుకుపోతే మళ్లీ కట్టిన కట్ట

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, హాల్‌బ్రుక్ అనే చిన్న పట్నానికి ఆగ్నేయంగా వుడ్రఫ్ అని ఒక ఊరుంది. ఊరంటే మరీ పెద్దదేం కాదు, 2010 జనాభా లెక్కల్లో 191 మంది తేలారు. చుట్టూ ఎడారి, పక్కన లిటిల్ కొలరాడో నది, నది మీద సాగునీటికి ఒక ఆనకట్ట. ఈ ఆనకట్ట ఎవరు కట్టారంటే ఒక్క పేరు చెప్పలేం. ఇది మొదటిది కాదు, రెండోది కాదు, అయిదోది కూడా కాదు. 1878లో మొదలుపెట్టి నలభై ఏళ్లలో ఊరివాళ్లు కట్టినవి పదికి పైనే. కట్టినదాన్నల్లా ఏరు ఊడ్చుకుపోయింది.

కథ 1876లో మొదలవుతుంది. అప్పటికి మార్మన్ మత సంఘం యూటా ఎడారిలో దిగి ముప్పై ఏళ్లు కావస్తోంది. కొండవాగుల్ని కాలువల్లోకి మళ్లించి పంటలు తీయడంలో వాళ్లకు మంచి చెయ్యి తిరిగింది. జనం పెరిగారు, భూమి చాలడం లేదు. సంఘాధిపతి బ్రిగమ్ యంగ్ దక్షిణంగా కొత్త ఊళ్లు వెయ్యమని దాదాపు రెండు వందల మంది మగవాళ్లను పేరుపేరునా పిలిచి పంపాడు. నాలుగు దళాలు, ఒక్కో దళానికి ఒక నాయకుడు. ఆ వసంతంలో బండ్లు లిటిల్ కొలరాడో ఒడ్డుకు చేరాయి. లాట్ స్మిత్ దళం వేసుకున్న ఊరు సన్‌సెట్. జెస్సీ బాలెంజర్ మనుషులది బ్రిగమ్ సిటీ. జార్జి లేక్ వెంట వచ్చినవాళ్లు ఓబెడ్ కట్టుకున్నారు. విలియం అలెన్ దిగినచోటు అలెన్ క్యాంపు అయింది. ఆ మరుసటి ఏడాదే అమన్ టెనీ అనే ఆయన ఇంకా ఎగువన మరో మకాం పెట్టాడు. తర్వాత దానికి సంఘ పెద్ద విల్ఫర్డ్ వుడ్రఫ్ పేరు పెట్టారు.

యూటా వాగుల అనుభవం ఇక్కడ పనికిరాలేదు. అక్కడివి మంచు కరిగి రాళ్ల మీదుగా దిగే తేటనీళ్లు. లిటిల్ కొలరాడో అలాంటిది కాదు. ఏడాదిలో చాలా రోజులు వెడల్పాటి ఇసుక తిన్నెల మధ్య సన్నటి పాయ, కొన్నిచోట్ల అదీ కనిపించదు. వసంతంలో మంచు కరిగినప్పుడు ఒకసారి, జులై, ఆగస్టు నెలల్లో ఉరుముల వానలకు మరోసారి పొంగుతుంది. ఎక్కడో ఎగువన కురిసిన వానకు ఇక్కడ ఎండ కాస్తుండగానే ఎర్రటి బురద నీరు గోడలా వచ్చిపడుతుంది. బిందెలో పట్టిన నీళ్లు తాగాలంటే రాత్రంతా కదపకుండా ఉంచి తేర్చుకోవాలి. అడుగున దిగిన ఒండ్రు చూశాక కాలువల గతి ఏమిటో అర్థమవుతుంది. ఏటా పూడిక తియ్యాల్సిందే.

కట్ట కట్టే పద్ధతి ఇది. ఏటి ఒడ్డున దొరికే కాటన్‌వుడ్ మానులు, దూరంనుంచి ఎడ్లబండ్ల మీద తెచ్చిన దుంగలు అడ్డంగా పడేస్తారు. వాటి సందుల్లో కంప తొక్కుతారు. కంప లేచిపోకుండా రాళ్లు, రాళ్ల మీద మట్టి, మళ్లీ కంప. ఇలా వరసల మీద వరసలు. నీరు నాలుగైదు అడుగులు లేస్తే చాలు, పక్కనున్న కాలువ తల అందుకుంటుంది. నీటిని నిలవ చేసే జలాశయం కాదిది, ఏటిని కాస్త ఎత్తి పక్కకు తిప్పే అడ్డుకట్ట.

లోపమంతా పునాదిలో ఉంది. చాలాచోట్ల అడుగున రాయి అందదు, తవ్వినకొద్దీ ఇసుకే. కట్ట పైభాగం ఎంత గట్టిగా తొక్కినా కిందనుంచి నీరు దారి చేసుకుని బుంగ పడుతుంది. బుంగ గండి అవుతుంది. అదృష్టం బాగుండి అడుగు నిలబడితే, వరద కట్టను వదిలేసి పక్క ఒడ్డును కోసుకుని కొత్త దారిన పోతుంది. అప్పుడు మిగిలేది పొడి ఇసుకలో ఒంటరిగా నిలబడ్డ కట్ట. పైగా వరద వచ్చేది సరిగ్గా మొక్కజొన్నకు నీరు కావలసిన రోజుల్లో. కట్ట పోతే ఆ ఏటి పంట కూడా దాంతోపాటే పోయినట్టు.

అలెన్ క్యాంపు మొదటి కట్ట ఆ మొదటి వేసవిలోనే పోయింది. ఓబెడ్‌ను వరద కంటే ముందు చలిజ్వరం తరిమింది. పక్కన చిత్తడి నేల, దోమలు. రెండేళ్లు తిరక్కుండానే ఊరు ఖాళీ. బ్రిగమ్ సిటీవాళ్లు రెండు వందల అడుగుల చదరంలో రాతికోట కట్టుకుని, అందరికీ ఒకే వంటిల్లు, ఒకే భోజనశాల పెట్టుకున్నారు. రెండు వరసల బల్లల మీద నూటయాభై మంది ఒకేసారి తినేవాళ్లు. ఆస్తి ఉమ్మడి, పని ఉమ్మడి. అయినా 1881 నాటికి దాదాపు అందరూ వెళ్లిపోయారు. సన్‌సెట్ ఇంకొన్నేళ్లు లాగి, ఆ దశాబ్దం ముగిసేలోపు ఆగిపోయింది. దాని శ్మశానం ఇప్పటికీ విన్‌స్లో పట్నం పక్క హోమొలోవి పార్కు దగ్గర ఉంది.

మిగిలింది అలెన్ క్యాంపు. దాని పేరు సెయింట్ జోసఫ్‌గా మారింది, 1923 నుంచి జోసఫ్ సిటీ. 1894 నాటికే అక్కడ ఏడు కట్టలు పోయాయి. మళ్లీ మళ్లీ కట్టినవాళ్ల పట్టుదలను సంఘ చరిత్రకారులు విశ్వాసానికి పెట్టిన పరీక్షగా రాశారు. విశ్వాసం లేకపోలేదు. కానీ నాకు అందులో రైతు లెక్క కూడా కనిపిస్తుంది. కాలువ తవ్వేశారు, మడులు చదును చేసేశారు, ఇల్లు లేచింది. ఒక్క కట్ట కోసం ఇదంతా వదిలేసి కొత్తచోట మొదటినుంచి మొదలుపెట్టడం కంటే కంప తొక్కడమే చవక. మన పల్లెల్లో ఇంటికో మనిషి చొప్పున చెరువు గట్టు పనికి వెళ్లిన కుడిమరామత్తు లాంటిదే వాళ్ల ఏర్పాటు కూడా. కష్టానికి కూలి ఉండదు, కాలువలో వాటా ఉంటుంది.

1881లో హాల్‌బ్రుక్‌కు రైలు మార్గం రావడం ఇంకో ఆసరా. పంట పోయిన ఏడు రైలు కట్ట పనికో, బండి తోలడానికో వెళ్లి నాలుగు డాలర్లు తెచ్చుకునేవాళ్లు. వుడ్రఫ్‌కు సంఘం నుంచి డబ్బు సాయం కూడా అందింది. అది లేకుండా ఆ ఊరు నిలిచేదని నేననుకోను.

రైలు మంచితో పాటు చెడూ తెచ్చింది. 1880ల మధ్యలో అజ్టెక్ ల్యాండ్ అండ్ క్యాటిల్ కంపెనీ ఈ ప్రాంతంలో వేల పశువుల్ని దింపింది. హాష్‌నైఫ్ అని జనం పిలిచిన ఆ మంద గడ్డిని మొదలంటా మేసింది. గడ్డి పోయిన నేల మీద వాన ఆగదు. ఏరు మరింత దురుసెక్కింది.

అన్నిటికంటే పెద్ద దెబ్బ మనిషి కట్టిన నీళ్ల వల్లే తగిలింది. ఎగువన సెయింట్ జాన్స్ దగ్గరి లైమన్ డ్యామ్ 1915 ఏప్రిల్‌లో తెగి ఎనిమిది మంది చనిపోయారు. ఆ వరద కిందికొచ్చి వుడ్రఫ్ కట్టనూ తీసుకుపోయింది. ఆ తర్వాత, 1919లో కట్టినదానితో ఊరికి కాస్త ఊపిరాడింది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే కథ ఒంటికాలిమీద నిలబడుతుంది. ఈ ఏటి ఒడ్డున మొదటి రైతులు మార్మన్లు కాదు. సన్‌సెట్ పక్కనే హోమొలోవి శిథిలాలున్నాయి. అవి ఇక్కడి ఆదివాసులైన హోపీల పూర్వికుల ఊళ్లు, 14వ శతాబ్దంలో అక్కడ మొక్కజొన్న, పత్తి పండాయి. వాళ్లు ఏటికి ఇలా అడ్డుపడలేదు. వరద తడిపి వెళ్లిన నేలలో విత్తనం లోతుగా నాటి, ఆ తేమతోనే పంట తీశారు. హోపీలు తమ మెసాల (పైన చదునుగా ఉండే గుట్టల) కింద ఇప్పటికీ అలాగే వేస్తారు. దిగుబడి తక్కువే, కానీ కొట్టుకుపోవడానికి కట్టంటూ ఉండదు. ఈ నదీ జలాల్లో ఎవరి వాటా ఎంతో తేల్చే కేసు 1970ల చివర అరిజోనా కోర్టుకెక్కింది. నవాహోలు, హోపీలు, ఈ చిన్న ఊళ్ల కాలువ సంఘాలు అందరూ అందులో ఉన్నారు. గిరిజన జాతుల వాటాల మీద 2024లో ఒప్పందం కుదిరింది, అప్పటికి దాన్ని అమెరికా కాంగ్రెస్ ఆమోదించాల్సి ఉంది.

ఫీనిక్స్‌లోనో లాస్ ఏంజెలెస్‌లోనో ఉంటూ పెట్రిఫైడ్ ఫారెస్ట్ చూడబోయే తెలుగువాళ్లు చాలామంది 40వ నంబరు హైవే మీద హాల్‌బ్రుక్ మీదుగానే వెళ్తారు. జోసఫ్ సిటీ దగ్గర పెద్ద కుందేలు బొమ్మ ముందు ఫోటో దిగడం మామూలే. ఒక పూట తీరిక ఉంటే వుడ్రఫ్ వైపు కూడా తిరగండి. ఏరు ఎండిపోయింది కదా అని కారు మాత్రం ఇసుకలోకి దింపకండి. పైకి పొడిగా కనిపించే ఆ ఇసుక చక్రాల్ని దిగలాగేస్తుంది. జులై, ఆగస్టుల్లోనైతే నెత్తిన మబ్బు లేకపోయినా ఏటి గర్భంలో నడవకండి.